వాగు వచ్చాకే అయినట్టు

పంచాంగం ముందేసుకుని బతికేవాళ్లతో నేను చాలా వాదించాను. తిథికీ మీ అమ్మాయి కాపురానికీ ఏమిటి సంబంధం, శుక్రవారం బయలుదేరిన బస్సు మంగళవారం బస్సు కంటే భద్రంగా చేరిన దాఖలా ఏది అని మైకు ముందు నిలబడి అడిగాను. చర్ల నుంచి భద్రాచలం దాకా మా వాదసభలు జరిగిన రోజులవి. ఎదుటి పక్షాన ఒక పురోహితుడు కూర్చునేవాడు. సభ అయ్యాక ఇద్దరం ఒకే బండి దగ్గర టీ తాగేవాళ్లం. ఆయనలో నాకు నచ్చిన గుణం ఒకటుండేది. పెళ్లివారు ఆ రోజు కుదరదంటే, వేళ్లు మడిచి, కళ్లు సగం మూసి, ఇంకో రోజు చూసిపెట్టేవాడు. ఆయన ముహూర్తం మనిషి కోసం కొంచెం పక్కకు జరిగేది.

జరగని ముహూర్తం కూడా ఒకటుందని తర్వాత తెలిసింది. అది పెట్టేది పన్నుల శాఖ. ఆ ముహూర్తం తగిలింది నా బామ్మర్దికి.

నా భార్య తమ్ముడు ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు. ఠేకేదారు అనగానే జీపు, బంగారు గొలుసు గుర్తొస్తే తప్పు నాది కాదు. హిందీ రాష్ట్రంలో పడిన మా సుక్మా జిల్లా కుంటలో అలాంటివాళ్లు వేరే ఉన్నారు. మావాడు అంగన్‌వాడీ గోడలు, బడి మరుగుదొడ్లు, వాగుల మీద పులియాలు, అంటే చిన్న వంతెనలు, కట్టే రకం. కిరందుల్ లైను మీద రైల్వే క్వార్టర్లకు సున్నం వేస్తూ మొదలుపెట్టి, తాపీ పట్టి, మేస్త్రీ అయి, చాలా ఏళ్లు ఇంకొకళ్ల కింద పనిచేసి, చివరికి ఒక కాంక్రీట్ మిక్సరు కొనుక్కున్నాడు. కిస్తీల మీద కొన్నాడు. ఆ మిక్సరే అతన్ని ఠేకేదారును చేసింది. సొంత యంత్రం లేనివాడు టెండరు వేయడానికి పనికిరాడని షరతు. కాబట్టి మా ఇళ్లల్లో మేస్త్రీకీ ఠేకేదారుకీ మధ్య తేడా చదువు కాదు, తెలివి కాదు. ఆకుపచ్చ రంగు డ్రమ్ము ఒకటి.

దానికి అతని భార్య నిమ్మకాయ, మిరపకాయలు కట్టేది. నేను వెళ్లినప్పుడల్లా తెంపేసేవాణ్ని. ఆమె మళ్లీ కట్టేది.

"నిమ్మకాయ దిష్టిని ఎట్లా ఆపుతుందో చెప్పమ్మా, నేనే కడతాను" అన్నాను ఒకసారి.

"నాకేం ఎరుక అన్నయ్యా" అంది ఆమె. "నిమ్మకాయకు రెండు రూపాయలు. మిక్సరు ఎంతకొచ్చిందో నీకు తెలుసు గద. ఆపకపోతే పోయింది రెండు రూపాయలే."

వాదసభల్లో ఇలాంటి ఎదుటి పక్షం దొరకలేదు నాకు.

ఆ యేడు అతనికి భేజ్జి దారిలో లోపలికి మళ్లితే వచ్చే ఒక దోర్ల గిరిజనుల పల్లె దగ్గర వాగు మీద పులియా పని వచ్చింది. వేసవిలో పునాదులు నడుస్తున్నప్పుడు నన్ను కూడా బండి మీద ఎక్కించుకుపోయాడు. ఆ వాగులో అంతకుముందు కట్టిన పులియా ఒకటి ఉండేది. ఇప్పుడు దాని ముక్కలున్నాయి. పెద్ద ఠేకేదారు ఎవరో కట్టించాడు. ఎండాకాలంలో అప్పగించాడు, దండలు వేయించుకున్నాడు. మొదటి వానకు అది కొట్టుకుపోయింది. ఆ పని మీద మేస్త్రీ నా బామ్మర్దే. సిమెంటు ఎంత కలపాలో చెప్పేది ఠేకేదారు, కలిపేది మేస్త్రీ. కొట్టుకుపోయాక ఊళ్లో కనపడేది మాత్రం మేస్త్రీ మొహమే.

మడుగుల్లో మిగిలిన నీళ్లతో ఆడవాళ్లు ఆ ముక్కల మీద బట్టలు ఉతుకుతూ అతన్ని చూసి నవ్వారు.

"నీ పులియా మంచిదే మేస్త్రీ. నురుగు మంచిగొస్తది."

"ఈసారిది గూడ గిట్లనే వెడల్పు కట్టు. దుప్పట్లు ఉతకనీకి జాగ కావాలె."

అతను నవ్వలేదు, కోపగించుకోలేదు. ఇసుక జల్లెడ పడుతున్న మనిషి దగ్గరికి వెళ్లి జల్లెడ లాక్కుని తనే పట్టడం మొదలుపెట్టాడు.

అదే రోజు తిరిగి వస్తుంటే దారికి అడ్డంగా తాడు. రోడ్డుకు అటొకరు ఇటొకరు ఆడవాళ్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు విత్తనాల పండుగ, బీజ పండుం. ఆ రోజుల్లో ఊరి మీదుగా పోయే ప్రతివాడూ ఊరికి కొంత ఇచ్చి పోవాలి. తాడు ఒక కొస పట్టుకున్నావిడ ఆ ఊరి సర్పంచి. ఊరి పెద్ద, అందరూ పటేలు అని పిలిచే ముసలాయన, చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన కోడలే.

"ఠేకేదారా, దిగు" అంది సర్పంచి.

"రేటెంత?" అన్నాడు మావాడు.

"పోయినేడు ఎంతో అంతే."

"బండికా, మనిషికా?"

"తలకు. మీ బావ తల పెద్దగున్నది గానీ, ఒక తల కిందనే లెక్కేస్తం."

నాకు ఊరుకోవడం చేతకాదు. ఇది దారిదోపిడీ అని మొదలుపెట్టి, పొద్దున మేము ఇదే దారిన లోపలికి పోయినప్పుడు తాడు లేదు కదా, మరి ఆ పోకకు కూడా ఇవ్వాలా అని పటేలును అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"తాడు కట్టకముందు పోయినోన్ని ఎనక్కి పిలుస్తమా? గది ఏం పద్ధతి?" అన్నాడు.

మా నుదుట పసుపు బియ్యం అద్ది తాడు కిందికి వదిలారు. నేను బండి మీద కూర్చుని ఆ బియ్యం దులుపుకున్నాను. ఆయన మాట మాత్రం అప్పుడు నాకు అంత గొప్పగా తోచలేదు.

జూన్ చివరికల్లా పులియా నిలబడింది. స్లాబు వేశారు, నీళ్లు పట్టారు, కింది చెక్కలు విప్పారు. మిగిలింది అవతలి ఒడ్డున రాళ్లు పేర్చడం. అందుకని మిక్సరు, ట్రాక్టరు అవతలి ఒడ్డునే ఉన్నాయి. చిన్న పని కాబట్టి మధ్యలో బిల్లుల్లేవు. అంతా అయ్యాక ఒకే బిల్లు. ఆ బిల్లులో మిగిలేదానితో మిక్సరు చివరి కిస్తీలు కట్టేయాలని అతని లెక్క. కట్టకపోతే ఫైనాన్సువాళ్లు ఊరుకోరని వాళ్ల లెక్క.

అలాంటి సమయంలో కుంట బస్టాండు వెనక పన్నుల పనులు చూసే వకీలు కబురు పెట్టాడు. ఇద్దరం వెళ్లాం.

"భయ్యా, పన్ను నూటికి పన్నెండు పోయింది" అన్నాడు వకీలు. "ఇంక పద్దెనిమిది."

"ఎవరికి?"

"సర్కారు పని చేసే ఠేకేదార్లకు. రోడ్డు, పులియా, బిల్డింగు, అన్నిటికీ. వచ్చే నెల మధ్య నుంచి."

"నేను టెండరు ఏసినప్పుడు పన్నెండే గద సాబ్."

"అవును."

"మరి ఆ ఆరు ఎవరిస్తరు?"

వకీలు ఒప్పందం కాగితం తిప్పి చూశాడు. ధర అన్ని పన్నులూ కలుపుకునే అని అందులో ఉంది. పెద్ద పనుల ఒప్పందాల్లో పన్ను మారితే తేడా సర్కారే ఇస్తుందన్న షరతు ఉంటుందట. చిన్న పనుల్లో ఉండదు. చిన్నవాళ్లకు అంత పెద్ద కష్టం రాదని అనుకుని ఉంటారు.

నాకు అర్థమైనది ఇది. పులియా కొంటున్నది సర్కారు. దాని మీద పన్ను వేస్తున్నదీ సర్కారు. కొనేటప్పుడు సర్కారు ఒప్పందం ఒప్పందమే, ధర మారదు అంటుంది. పన్ను తీసుకునేటప్పుడు కాలం మారింది, రేటు మారింది అంటుంది. సర్కారు కుడి జేబులోంచి ఎడమ జేబులోకి పోవలసిన సొమ్ముకు మధ్యలో నా బామ్మర్ది జేబు ఎందుకు తగిలిందో ఆ కాగితంలో ఎక్కడా లేదు. సిమెంటు మీద కట్టిన పన్ను కొంత తిరిగి వస్తుంది కదా అన్నాను నేను, తెలిసినట్టు.

"సిమెంటుకు బిల్లుంది బావా" అన్నాడు అతను. "ఇసుకకు వాగు బిల్లిస్తదా?"

"ఒక దారుంది" అన్నాడు వకీలు. "పని అప్పగించడం, బిల్లు కొట్టడం, డబ్బు రావడం. ఈ మూడింట్లో రెండు ఆ తేదీకి ముందు పడితే పాత రేటే. డబ్బు ఎట్లాగూ దీపావళికి గానీ రాదు. మిగతా రెండూ చూసుకోండి."

"తిథి, వారం, నక్షత్రం" అన్నాను నేను.

"ఏంది సార్?"

"ఏం లేదు."

అప్పగింత అంటే ఏమిటో చెప్పాలి. పని అయిందని, మాకు ముట్టిందని సర్పంచి సంతకం పెట్టాలి. అది చూసి సబ్ ఇంజనీరు కొలత రాస్తాడు. కొలత మీద బిల్లు. మరుసటి రోజే సబ్ ఇంజనీరు దగ్గరికి పోయాం. దుర్గ్ వైపు మనిషి, మంచివాడే. మా సంగతి వినగానే క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఏకాదశి లోపల అయిపోవాలి" అన్నాడు హిందీలో. "ఆ తర్వాత నాలుగు నెలలు భగవంతుడు నిద్రలో ఉంటాడు. నేను కొత్త పనికి కొలత మొదలుపెట్టను."

నేను నోరు తెరిచాను. బామ్మర్ది బల్ల కింద నా పాదం మీద చెప్పుతో నొక్కాడు. అతని చెప్పులకు సిమెంటు అంటి ఉంటుంది. గట్టిగానే తగిలింది.

"సంతకం తెచ్చుకో" అన్నాడు ఇంజనీరు. "పులియా మీద నలుగురు నిలబడిన ఫోటో ఒకటి. చాలు."

"ఇంకా వాగు రాలేదు సాబ్" అన్నాడు బామ్మర్ది.

"వాగు రావాలని ఎస్టిమేటులో ఎక్కడుంది?"

ఎస్టిమేటులో లేదు. ఆ ఊళ్లో ఉంది. అక్కడ వాగు మీద ఏది కట్టినా, ఆ యేడు నీళ్లు ఒకసారి నిండుగా దిగి, అది నిలబడితేనే అయినట్టు. అప్పుడు కూడా కట్టినవాడే ముందు దాటాలి, అదీ తన సొంత బరువుతో. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ దాని మీద కాలు పెట్టరు. కింద ఎండిన ఇసుకలో నడిచి పోతారు గానీ, పైన తయారుగా ఉన్న పులియా ఎక్కరు.

ఈ మూఢాచారాన్ని పటేలు దగ్గరే తేల్చుకుందామని నేను బయలుదేరాను. బండి మీద దారి పొడవునా వాదన సిద్ధం చేసుకున్నాను. సిమెంటు గట్టిపడటం రోజులను బట్టి ఉంటుంది, వాగును బట్టి ఉండదు. ప్రకృతికి మనిషి పనితో సంబంధం లేదు. ఇలా చాలా మంచి వాక్యాలు కుదిరాయి.

పటేలు వెదురు బద్దలతో చేపల బుట్ట అల్లుతున్నాడు. నా వాక్యాలన్నీ విన్నాడు. బద్దను మోకాలి మీద వంచుతూ అన్నాడు.

"ఎనకట మొద్దులేసి దాటేటోళ్లం. మొద్దులేసినోడు తన ఎడ్లతోని ముందు పోవాలె. పోయి నిలబడితే మేం పోతం. వాగు చూడకముందు ఏ పులియా అయినా మంచిదే సారూ. పెండ్లికి ముందు ఏ అల్లుడైనా మంచోడే."

నా వాక్యాలన్నీ అక్కడే మడిచేశాను. ఎందుకంటే ఇది మూఢాచారం కాదు. ఇది పరీక్ష. కట్టినవాడి చేతనే, కట్టినవాడి ఆస్తితోనే చేయించే పరీక్ష. తేదీని నమ్మే సర్కారు, ఏకాదశిని నమ్మే ఇంజనీరు, ఈ ఇద్దరి మధ్య రుజువు అడుగుతున్నది ఈ ముసలాయన ఒక్కడే. మా వాదసభల్లో కూర్చోవలసిన మనిషి బుట్టలు అల్లుకుంటున్నాడే అని నేను పొంగిపోతూ ఉండగా, ఆయన గొంతు తగ్గించాడు.

"మరి అర్జెంటంటే ఒక మేకనియ్యండి. వాగు వచ్చిందనుకుంటం."

నా సభ ముగిసిపోయింది.

లోపల బియ్యం చెరుగుతున్న సర్పంచి చేట ఆపకుండానే అంది: "వాగు వచ్చిందనుకుంటే మామా, బట్టలుతకనీకి బండలు ఎక్కువైతయ్."

అందరూ నవ్వారు, పటేలు కూడా. ఆమె చేట దించి బయటికి వచ్చి నా బామ్మర్దిని చూసింది.

"సంతకం నాది. పెట్టమంటే ఇప్పుడే పెడత. నీ ఇష్టం ఠేకేదారా. వాగొచ్చిందా, రాలేదా?"

అతను పులియా ఉన్న దిక్కుకు చూశాడు. ఇంటి ముందు నుంచి అది కనపడదు.

"రాలే" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను అతన్ని వదల్లేదు. బండి ఆపించి మరీ చెప్పాను. పులియా గట్టిదని నీకు తెలుసు కదా, ఇంజనీరు ఒప్పుకున్నాడు, పటేలు ఒప్పుకున్నాడు, సర్పంచి సంతకం పెడతానంది, చట్టం కూడా ఒప్పుకుంటుంది, అడ్డం నువ్వొక్కడివే అన్నాను.

"నాకు ఎరుకనే బావా. ఆళ్లకు ఎరుక కావాలె."

"మిక్సరు పోతుంది."

"పోతదేమో."

"అప్పుడు మళ్లీ ఎవడి కిందనో మేస్త్రీవే."

"ఆ పాత పులియా కొట్టుకపోయిన నాడు ఠేకేదారు రాయపూర్‌ల ఉన్నడు. నేను ఈడ ఉన్న. ఆళ్లు నన్ను కొట్టలే, తిట్టలే. అన్నం పెట్టిండ్రు. పెట్టి, ఆ బండల మీద బట్టలు ఉతుక్కున్నరు. కొడితే బాగుండు." బండి కిక్కు కొట్టాడు. "వాదంల నువ్వే గెలుస్తవ్ బావా. ఎక్కు. అయినా తారీఖు లోపల వాగు రాదని నీకెవరు చెప్పిండ్రు?"

అతను రాళ్లు పేర్చే పని పూర్తి చేయించడానికి అవతలి ఒడ్డునే గుడిసె వేసుకుని ఉండిపోయాడు. నేను కుంటలో రోజూ ఆకాశం చూస్తూ గడిపాను. మేఘాన్ని చూసి ఆశపడటం, ఆశపడుతున్నందుకు నన్ను నేను వెక్కిరించుకోవడం. వానను తొందరపెట్టే మంత్రం ఏదైనా ఉంటే ఆ వారంలో దాన్ని నేను కనీసం చదివి చూసేవాణ్ని.

ఏకాదశి వచ్చింది. ఇంజనీరుగారి దేవుడు నిద్రకు ఉపక్రమించాడు. వాన మొదలైంది.

మొదట అందరం సంతోషించాం. తర్వాత గోదావరి పొంగింది. గోదావరి పొంగితే శబరి ముందుకు పోలేక వెనక్కి తన్నుకొస్తుంది. వెనక్కి వస్తే ఉండేది మేమే. కుంట పల్లపు వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. మా ఇంటి అరుగు దాటగానే మమ్మల్ని మెరక మీద బడిలోకి తరలించారు. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది, అన్ని వైపులా దారులు తెగిపోయాయి. నా భార్య తమ్ముడి కోసం గుబులుపడుతూ కిటికీ దగ్గరే కూర్చుంది. అతని భార్య మా పక్కనే చాప వేసుకుంది. దేవుడు పడుకున్నాడు కాబట్టే ఇలా అయిందని ఎవరో అంటుంటే నేను వాదించలేదు. నా నెత్తి మీద బియ్యం మూట ఉంది.

పన్నుల శాఖ ముహూర్తపు రోజు ఆ బడిలోనే గడిచింది. పంచిపెట్టిన కిచిడీ తింటుండగా ఒకాయన బ్యాటరీ రేడియోలో ఆ రోజు నుంచి ప్యాకెట్టు పెరుగు మీద, ప్యాకెట్టు బియ్యం మీద కూడా పన్ను పడిందని చెప్పారు. పులియాల సంగతి రేడియోలో రాలేదు. సబ్ ఇంజనీరు ఆఫీసులో బల్లలు నీళ్లలో తేలుతున్నాయని విన్నాం. పన్ను తీసుకునే కంప్యూటరు మాత్రం ఎక్కడో దూరాన పొడిగా ఉంది. దానికి వాన తెలియదు, అందుకని తేదీ తప్పలేదు.

నీళ్లు తగ్గి, దారి తెరుచుకున్న పొద్దున్నే బండి తీసుకుని నేను ఆ ఊరికి పోయాను. పులియా ఉందా అన్నది కూడా తెలియదు.

ఉంది. దాని కాళ్లకు కొమ్మలు, గడ్డి, ఎక్కడిదో ఒక తడిక చుట్టుకుని ఉన్నాయి. కింద ఎర్రటి నీళ్లు ఇంకా హోరుమంటున్నాయి. నీళ్లు దాని పై నుంచి కూడా పోయాయని తర్వాత చెప్పారు. పాత పులియా ముక్కలు ఒక్కటీ కనపడలేదు, బట్టలుతికే బండలన్నీ వాగు పట్టుకుపోయింది. అవతలి ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. ముందు ట్రాక్టరు, దాని వెనక తగిలించిన మిక్సరు. స్లాబు మీంచి నీళ్లు దిగింది ముందు రోజు సాయంత్రమేనట.

నన్ను చూసి బామ్మర్ది చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఏదో అరిచాడు. హోరులో వినపడలేదు. మళ్లీ అరిచాడు. తేదీ అడుగుతున్నాడని అర్థమైంది. అక్కడ ఫోను లేదు, రేడియో లేదు, అతనికి రోజులు కలిసిపోయాయి. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. గడువు దాటిపోయింది అని.

అతను మిక్సరు డ్రమ్ము మీద అరచెయ్యి వేసి, తీసి, ట్రాక్టరు ఎక్కాడు.

మెల్లగా వచ్చాడు. సరిగ్గా నడుమకు వచ్చాక ఆపేశాడు. ఇంజను ఆగలేదు. మొత్తం బరువు అక్కడే నిలబెట్టి, వెనక్కి తిరిగి ఊరివైపు చూస్తూ కూర్చున్నాడు. ట్రాక్టరు వణుకుతోంది, మిక్సరు వణుకుతోంది, పులియా వణకలేదు. వాళ్లు చూడవలసినంత సేపు చూశాక గేరు వేశాడు. ఇవతలికి వచ్చి దిగుతూ నాతో అన్న మొదటి మాట ఇది:

"మంచిగున్నది గద బావా?"

వెనకే ఊరంతా వచ్చింది. పటేలు నడుమ దాకా వచ్చి కాలితో రెండుసార్లు తన్ని చూశాడు. మేక ప్రస్తావన తేలేదు. సర్పంచి ట్రాక్టరు బానెట్టు మీద కాగితం పెట్టించుకుని సంతకం చేసింది.

"తారీఖు ఏం రాయాలె?" అని నన్ను అడిగింది.

"వాగు పులియా మీదికొచ్చింది ఎప్పుడు?"

"పెద్ద వాన పట్టిన మూడోనాడు."

లెక్క చూస్తే అది మమ్మల్ని బడికి తరలించిన రోజు. ముహూర్తానికి ముందే. నా ప్రాణం లేచి వచ్చింది. అబద్ధం అక్కర్లేదు. పులియా నిలబడింది ఆ రోజే, కాబట్టి అయింది ఆ రోజే. వాళ్ల ఆచారం ప్రకారం నిజం, తర్కం ప్రకారం కూడా నిజం. ఆమె ఆ తేదీ వేసింది. నేను ఆ కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకుని కుంటకు వచ్చాను.

వకీలు బురద కడుగుతున్నాడు. చేతులు తుడుచుకుని కాగితం చూశాడు.

"సరే, ఇది ఒకటి" అన్నాడు. "బిల్లు?"

"బిల్లు ఎట్లా కొడతాడు సార్? వరదలో ఉన్నాడు. కరెంటు లేదు, ఫోను లేదు, అసలు దారి లేదు."

"నాకు తెలుసు. నేనూ వరదలోనే ఉన్నా. కానీ మూడింట్లో రెండు కావాలి. ఒకటే పడింది."

వరద వచ్చింది కాబట్టి మినహాయించాలని హిందీలో నాలుగు పేజీల దరఖాస్తు రాశాను. అందులో పటేలు మాట కూడా రాశాను, తాడు కట్టకముందు పోయినవాణ్ని వెనక్కి పిలవడం ఏ పద్ధతి అని. ఆఫీసులో ఒకాయన అంతా శ్రద్ధగా చదివాడు. బాగా రాశారన్నాడు. ఇలాంటి కారణం నింపడానికి కంప్యూటరులో గడి లేదన్నాడు. ఇంజనీరు కొలత రాయడానికి దేవుడి నిద్ర అడ్డం వస్తుందేమో అనుకున్నాం గానీ, పై నుంచి ఫోను రాగానే రాసేశాడు. దేవుడు ఏమీ అన్నట్టు లేదు.

పులియా మీద మిగలవలసింది కొత్త రేటులో పోయింది. కిస్తీలు ఆగాయి. ఫైనాన్సువాళ్లు రాకముందే మిక్సరును ఒక పెద్ద ఠేకేదారు కొనుక్కున్నాడు. చింతలనార్ వైపు పెద్ద రోడ్డు పని అతనిది. అతని ఒప్పందంలో పన్ను మారితే తేడా ఇచ్చే షరతు ఉందట.

"మిక్సరు అమ్మినా పన్నుందా?" అని వకీలును అడిగాడు బామ్మర్ది.

"పద్దెనిమిది."

"దీనికి మారలే గద?"

"దీనికి మారలేదు."

"గదొక్కటి నయం" అన్నాడు.

మిక్సరును ట్రాక్టరుకు తగిలించే ముందు అతని భార్య వచ్చి నిమ్మకాయ, మిరపకాయలు విప్పుకుంది. నేను ఊరుకున్నాను. ఆమే అంది: "ఉండనిస్తే ఆయనకు పనిచేస్తది అన్నయ్యా. కొనుక్కున్నోడు ఆయన నిమ్మకాయ ఆయనే కట్టుకోవాలె."

కొనుక్కున్నవాడు మిక్సరుతో పాటు దాన్ని నడపడం తెలిసిన మేస్త్రీ కూడా కావాలన్నాడు. అలా నా బామ్మర్ది తన మిక్సరు వెంటే ఇంకొకడి పనిలోకి పోయాడు.

మరుసటి యేడు వేసవిలో ఆ మిక్సరును భేజ్జి వైపు ఇంకో పనికి తీసుకుపోతూ, దారిలో కబుర్లకు నన్ను కూడా ఎక్కించుకున్నాడు. పులియా దాటాం. దాటిన చోట తాడు. ఒక కొసన సర్పంచి.

"ఠేకేదారా, దిగు."

"ఠేకేదారు ఇంటికాడ ఉన్నడు" అన్నాడు బామ్మర్ది. "నేను మేస్త్రీని. మిక్సరు నాది కాదు."

ఆమె మిక్సరును చూడలేదు. గడ్డంతో వాగు వైపు చూపించింది.

"అది ఎవరిది?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. పులియా మీద అప్పుడే ఇద్దరు ఆడవాళ్లు విప్ప పూల గంపలతో దాటుతున్నారు.

"నాది" అన్నాడు.

"మరి దిగు."

దిగాడు. నేనూ దిగాను. నుదుట పసుపు బియ్యం అద్దించుకున్నాం. రేటు మారలేదు. నా తలను ఆ యేడు కూడా ఒక తల కిందే లెక్కేశారు.